సూది లేని స్కానూ ఒక స్కానేనా!

పాలమూరులోనైనా నల్లగొండలోనైనా వైద్యానికి మూలసూత్రం ఒక్కటే: సూది వేయనివాడు డాక్టర్ కాడు. నాలుగు మాటలు అడిగి, నాలుక చూసి, గోలీలు రాసి పంపే ఎంబీబీఎస్‌ది ఏం చదువో ఊరికి అర్థం కాదు. వచ్చీరాగానే పిర్రకొక సూది, చేతికొక సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీది మాత్రం హస్తవాసి. "గ్లూకోజ్ ఎక్కించిండు, లేచి కూసున్న" అనే సాక్ష్యానికి ఏ కోర్టులోనూ ఎదురుండదు. ఆ ఉప్పూ చక్కెరా చెంబెడు నీళ్లలో కలుపుకుని తాగినా చాలన్న పిచ్చి డాక్టరు ఎవరైనా ఉంటే, ఆయన క్లినిక్‌కు మరుసటి నెల టులెట్ బోర్డు తగిలించుకోవాల్సిందే.

ఇంత సూదిభక్తి ఉన్న నేలమీదికి ఎమ్మారై వచ్చింది. పాపం, పుట్టుకతోనే సూది లేని యంత్రం. కోత లేదు, కుట్టు లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. ఒక పెద్ద అయస్కాంతం, కొన్ని రేడియో తరంగాలు, చెవులు గింగిరాలెత్తే చప్పుడు, అంతే. దీనికి దారి చూపినందుకు పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి ఇచ్చారు గానీ, సూది పెట్టడం మరిచిపోయిన వాళ్ల నిర్లక్ష్యాన్ని ఆ కమిటీ గమనించినట్టు లేదు. ఆ లోటు పూడ్చే భారం మన స్కాన్ సెంటర్ల నెత్తిన పడింది. మోస్తున్నారు. బిల్లుతో సహా.

పొద్దున పదింటికి జిల్లా కేంద్రంలో ఏదో ఒక స్కాన్ సెంటర్ కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. తండ్రికి మూతి వంకర పోయిందని, ఎడమ చెయ్యి పట్టు తప్పిందని, రెండు రోజులు నాటుమందు వాడి లాభం లేక కొడుకు తీసుకొస్తాడు. వెనకాలే ఆర్‌ఎంపీ సారు, వేలికి బైకు తాళం తిప్పుకుంటూ.

"మెదడు నరాలది తీయాలె మేడం. ఎమ్మారై యాంజియో."

"ప్లెయినా, కాంట్రాస్టా?"

కొడుకు సారు మొహం చూస్తాడు. సారు గోడ మీద గడియారం చూస్తాడు.

"ఏది మంచిగుంటది మేడం?"

"కాంట్రాస్ట్ అయితే క్లియర్ వస్తది."

"పైసలు ఎంత ఎక్కువైతయి?"

ఆ అంకె చెవిన పడ్డాక కొడుకు బయటికి నడిచి, భీవండిలో మగ్గం మీదున్న అన్నకు ఫోన్ కలుపుతాడు. "నాయిన కోసం ఎనకాడకురా తమ్మీ. పెద్దదే చేయించు. నేను పంపిస్త." అయిపోయింది. మెదడు ధమనుల్లోకి మందు ఎక్కించాలా వద్దా అనే శాస్త్రీయ చర్చ పవర్‌లూముల చప్పుడు మధ్య ముగిసింది. తల నల్లగొండలో, ఫిల్ములు చదివే రేడియాలజిస్టు హైదరాబాద్‌లో ఏదో కంప్యూటర్ ముందు, నిర్ణయం భీవండిలో. కమీషన్ ఒక్కటే ఎటూ పోకుండా కౌంటర్ దగ్గరే ఉంటుంది.

ప్లెయిన్‌కూ కాంట్రాస్ట్‌కూ తేడా చాలాచోట్ల రెండు మూడు వేల రూపాయలు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే "క్లియర్" అనే ఆ ఒక్క మాట ఖరీదు ఎండలో ఏడు నుంచి పది రోజుల మట్టిపని. ఇంత ఖరీదైన మాట కాబట్టి, దాని వెనక ఏముందో కొంచెం తవ్వి చూడటం న్యాయం.

పుర్రె లోపలి ధమనులను ఎమ్మారైలో చూడటానికి రోజువారీగా వాడే పద్ధతి పేరు టైమ్ ఆఫ్ ఫ్లైట్. పొట్టిగా టీఓఎఫ్. దానికి ఏ మందూ అక్కర్లేదు. పారే రక్తమే దానికి మందు. యంత్రం మెదడులో ఒక పొరను ఎంచుకుని, దాన్ని రేడియో తరంగాలతో మళ్లీ మళ్లీ కొడుతుంది. కదలకుండా అక్కడే ఉన్న కణజాలం ఆ దెబ్బలకు అలసిపోయి బదులివ్వడం మానేస్తుంది. నల్లగొండ బస్టాండులో గంట నుంచి కూర్చున్న మనిషి "ఆటో, ఆటో" అనే కేకలకు తల కూడా తిప్పడు. అప్పుడే హైదరాబాద్ బస్సు దిగినవాడు మాత్రం ఉలిక్కిపడి చూస్తాడు, చూశాక దొరికిపోతాడు. గుండె నుంచి తాజాగా ఆ పొరలోకి దిగిన రక్తం ఆ రెండోవాడు. ఇంకా దెబ్బ తినలేదు కాబట్టి గట్టిగా పలుకుతుంది. చుట్టూ ఉన్నదంతా నల్లబడి, ధమనులు తెల్లగా వెలుగుతాయి. 1664లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లిష్ వైద్యుడు శవాల మెదళ్లు కోసి పుస్తకంలో అచ్చేయించిన ధమనుల వలయం ఉంది కదా, ఆ పుస్తకానికి బొమ్మలు గీసింది తర్వాత లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్. అంతటి వాళ్లు కత్తి పట్టుకుని చూసిన వలయం ఇవాళ సూది మొన కూడా తగలకుండా కొద్ది నిమిషాల్లో తెర మీద గిరగిరా తిరుగుతుంది. కౌంటర్ మేడం "ప్లెయిన్" అని ముక్కు చిట్లించింది దీని గురించే.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి, దాచాల్సిన పనిలేదు. రక్తం మరీ నెమ్మదిగా పారినా, ఇరుకు సందులో సుడి తిరిగినా సంకేతం తగ్గిపోయి, ధమని ఉన్నదానికన్నా ఎక్కువ సన్నబడినట్టు కనబడుతుంది. పేషెంట్ తల కదిపితే బొమ్మ పాడు. గుండె దగ్గర మొదలై మెడ మీదుగా పైకి పోయే కెరోటిడ్ ధమనులను ఆసాంతం చూడాలన్నా, స్టెంట్ వేసిన చోటు మళ్లీ చూసుకోవాలన్నా, ధమని గోడకే వాపు వచ్చిందని అనుమానం ఉన్నా కాంట్రాస్ట్ పనికొస్తుంది. ధమనుల సంగతి పక్కనపెట్టి మెదడులో కణితి, చీముగడ్డ, క్షయ, ఫిట్స్ తెప్పించే బద్దెపురుగు తిత్తి వంటివి తేల్చాలంటే అది లేకుండా కుదరని సందర్భాలు ఎన్నో. అక్కడ దాని మీద పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమే. కాబట్టి ఈ తగువు మందుతో కాదు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో ఎవరూ చెప్పకుండానే, జవాబు ఖరీదు మాత్రం ముందే కట్టించుకునే పద్ధతితో.

ఇంతకూ ఆ సీసాలో ఉన్నదేమిటి? గాడోలినియం. 64వ మూలకం. స్వీడన్‌లో ఇటర్బీ అనే ఊరి రాతిగనిలో దొరికిన నల్లరాయిని 1794లో పరీక్షించిన ఫిన్లాండ్ రసాయనవేత్త యోహాన్ గాడోలిన్ పేరు మీద ఆ పేరు వచ్చింది. మూలకాన్ని పసిగట్టింది మాత్రం 1880లో జెనీవాలో మారిన్యాక్. మందులో ఉండే దాని అయాన్‌లో ఏడు ఎలక్ట్రాన్లు జంట లేకుండా ఒంటరిగా ఉంటాయి. ఆ ఏడుగురు బ్రహ్మచారుల అయస్కాంత ప్రభావానికి చుట్టుపక్కల నీటిలోని హైడ్రోజన్ త్వరత్వరగా తేరుకుని గట్టి సంకేతం ఇస్తుంది. అందుకే మందు చేరిన చోటల్లా తెల్లగా వెలుగుతుంది. అయితే ఒట్టి గాడోలినియం ఒంటికి విషం. కాబట్టి దాన్ని వేరే రసాయనంతో గట్టిగా బంధించి ఎక్కిస్తారు. ఇలాంటి మొదటి మందుకు అమెరికాలో 1988లో అనుమతి దొరికింది. చుట్టూ వలయంలా మూసుకుని లోహాన్ని వదలని రకాలను మాక్రోసైక్లిక్ అంటారు. ఒక పక్క తెరుచుకుని ఉండి, సందు దొరికితే లోహాన్ని జారవిడిచే రకాలను లీనియర్ అంటారు. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

మామూలు మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. 60 కిలోల మనిషికి లెక్క కడితే ఒంట్లోకి వెళ్లే గాడోలినియం దాదాపు ఒక గ్రాము. పుస్తెలతాడులో గ్రాము తగ్గితే కంసాలితో పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టుకునే జాతి మనది. నాయిన నరంలోకి గ్రాము లోహం ఎక్కుతుంటే అది ఏ లోహమని అడిగే నాథుడు ఉండడు.

వచ్చిన పని చూసుకున్నాక ఆ గ్రాము బయటికి పోయే దారి ప్రధానంగా ఒకటే, కిడ్నీ. కిడ్నీలు బాగుంటే గంటన్నరకు సగం చొప్పున దిగిపోతూ, ఒక రోజు గడిచేసరికి దాదాపు అంతా మూత్రంలో బయటపడుతుంది. కిడ్నీలు చెడి ఉంటే రోజుల తరబడి ఒంట్లోనే తిరుగుతుంది. 1997లో అమెరికాలో డయాలిసిస్ మీదున్న కొందరికి చర్మం బిగుసుకుపోవడం మొదలైంది. తోలు గట్టిపడి, కీళ్లు ముడుచుకుని, మోకాలు చాపలేని స్థితి. 2000లో వైద్య పత్రికకెక్కిన ఆ జబ్బుకు తర్వాత నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అని పేరు పెట్టారు. కారణం తెలియలేదు. 2006లో ఆస్ట్రియా నుంచి ఒకరు, డెన్మార్క్ నుంచి ఒక బృందం వేలు చూపించింది గాడోలినియం వైపు. 2007లో అమెరికా మందుల సంస్థ ఎఫ్‌డీఏ సీసాలకు నల్లచట్రంలో హెచ్చరిక అంటించింది. కిడ్నీ పరీక్ష చూసి ఇవ్వడం, లీనియర్ మందుల్ని తగ్గించడం మొదలుపెట్టాక ఆ జబ్బు దాదాపు మాయమైంది. 2014లో జపాన్ వాళ్లు ఇంకో సంగతి చెప్పారు: పదే పదే లీనియర్ మందు తీసుకున్నవాళ్ల మెదడులో, కిడ్నీలు బాగున్నా సరే, కొన్ని కేంద్రకాల దగ్గర దాని జాడ మిగులుతోందని. ఆ జాడ వల్ల ఫలానా హాని అని ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా 2017లో యూరప్ నియంత్రణ సంస్థ చాలా లీనియర్ మందుల్ని పక్కన పెట్టించింది. రుజువయ్యేదాకా ఆగుదామనుకోలేదు వాళ్లు. పాపం, వాళ్లకు మన ఓపిక లేదు.

ఇప్పుడు మన జిల్లాకు రండి.

నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది నీటితోనే. పటికా సున్నమూ కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తయారుచేసి దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టారు. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పేరు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ఊళ్లలో మాత్రం నడుములు వంగుతూనే ఉండిపోయాయి. 2015లో చౌటుప్పల్‌లో వాటర్‌గ్రిడ్ పైలాన్ లేచింది, కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి, కొత్త తరానికి బెడద తగ్గింది. పాత తరం వెన్నెముకలు ఆ పైలాన్‌ను చూసి నిటారు కాలేదు. ఆ నొప్పులతో ముప్పయ్యేళ్లుగా మంచం దిగి మంచం ఎక్కుతున్న పెద్దమనిషికి దిక్కెవరు? మళ్లీ మన ఆర్‌ఎంపీ సారే. సారు ఇచ్చేదేమిటి? డైక్లోఫెనాక్ సూది. నొప్పి పోతుంది, సాయంత్రానికి వస్తుంది, పొద్దున మళ్లీ సూది. అట్లా ఏళ్లు. ఆ నొప్పిమందులు ఏళ్ల తరబడి పడితే దెబ్బ తినేది కిడ్నీ. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపాల్సిందీ కిడ్నీయే. పైగా షుగరు. పైగా బీపీ. రెండూ మొదట నమిలేది కిడ్నీనే, చప్పుడు లేకుండా.

అసలు పక్షవాతం ఎవరికి వస్తుంది? ఎక్కువగా షుగరూ బీపీ ఉన్నవాళ్లకే. అంటే మెదడు ధమనుల స్కాన్ కోసం కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది, కిడ్నీలను అనుమానించాల్సినవాళ్లే. ఎవరికి ముందుగా కిడ్నీ పరీక్ష చేయాలో వాళ్లనే ఏరికోరి, పరీక్ష చేయకుండా పడుకోబెట్టడంలో మన వ్యవస్థ చూపే నైపుణ్యానికి నేను తలవంచుతున్నాను. ఎముకను ఫ్లోరైడ్ బిగించింది కదా, చర్మం ఒక్కటి వదులుగా ఉండటం బాగాలేదనుకున్నారేమో.

క్రియాటినిన్ అనే రక్తపరీక్ష ఉంది. బయట చేయించుకుంటే రెండొందలు దాటదు. ప్రభుత్వ డయాగ్నస్టిక్ హబ్బుల్లో ఉచితం. దాన్నుంచి కిడ్నీల వడపోత వేగం, అంటే ఈజీఎఫ్‌ఆర్, లెక్క వేస్తారు. అది 30 కన్నా కిందికి ఉంటే లీనియర్ మందుల్లో చాలావరకు పనికిరావు, మాక్రోసైక్లిక్ అయితే అవసరం తూచి ఇవ్వచ్చు. మాక్రోసైక్లిక్ మందులతో ఆ చర్మం జబ్బు రావడం అతి అరుదు కాబట్టి, వాటికి ప్రతివాళ్లకూ ఈ పరీక్ష తప్పనిసరి కాదనేదాకా వెళ్లాయి పాశ్చాత్య మార్గదర్శకాలు. చాలా సంతోషం. అయితే ఆ సడలింపు వాడుకోవాలంటే సీసాలో ఉన్నది ఏ రకమో తెలియాలి కదా? "మందు పేరేంది మేడం?" అని అడిగి చూడండి. "కాంట్రాస్ట్" అంటారు. హోటల్లో కూరేమిటని అడిగితే కూరే అన్నంత నిజాయితీ.

ఇక అంగీకార పత్రం. అది చిన్నక్షరాల ఇంగ్లిష్‌లో, జిరాక్స్‌కు జిరాక్స్ తీసీ తీసీ సగం చెరిగిపోయి ఉంటుంది. పేస్‌మేకర్ ఉందా, కిడ్నీ జబ్బు ఉందా, ఇదివరకు ఈ మందు పడలేదా, గర్భిణీయా అని వరసగా ప్రశ్నలు, పక్కన ఔను కాదు గళ్లు. టెక్నీషియన్ ఆ గళ్లన్నీ ఒక్క గీతతో "కాదు" వైపు కొట్టేసి, ఇంకుప్యాడ్ ముందుకు తోస్తాడు. డెబ్బయ్యేళ్ల మా పెద్దమనిషి తాను గర్భిణిని కానని కూడా వేలిముద్రతో ధ్రువీకరిస్తాడు. తర్వాత మోచేతి మడతలో సూది గుచ్చి గొట్టం తగిలిస్తారు. మందు ఎక్కుతుంటే చెయ్యి పొడవునా చల్లగా పాకుతుంది, ఒక్కొక్కరికి నోట్లో ఇనుము నాకినట్టు రుచి. యంత్రంలోంచి బయటికొచ్చాక పెద్దమనిషి మొహంలో ఎంత తృప్తి! "సూది గూడ ఏసిన్రు బిడ్డా" అంటాడు కొడుకుతో. ఇంతసేపూ ఉత్త చప్పుడే అనుకున్న వైద్యం అప్పటికి వైద్యంలా అనిపించింది ఆయనకు.

రిపోర్టు సాయంత్రం వస్తుంది. తలకన్నా పెద్ద కవరు. పెళ్లి ఆల్బమ్ లాగా ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళతారు. లోపల చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: రోగి లక్షణాలతో పోల్చి చూసుకోవలెను. అదెవరు పోలుస్తారు? రోగి లక్షణాలు చూసినవాడు రిపోర్టు చదవలేడు, రిపోర్టు రాసినవాడు రోగిని చూడలేదు. పోల్చే బాధ్యత కవరుదే.

కమీషన్ సంగతి చెప్పకపోతే ఊరు మొహాన ఉమ్ముతుంది. డాక్టరు పేషెంట్‌ను పంపినందుకు రాయితీ గానీ కమీషన్ గానీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నీతి నియమాల్లో 6.4 కింద నల్లని అక్షరాలతో రాసి ఉంది. ఆర్‌ఎంపీ సారుకు ఆ నియమం వర్తించదు. ఎందుకంటే ఆయన డాక్టర్ కాదు. ఆయన కవరు మాత్రం నిఖార్సయినది, నెల మొదటి వారంలో తప్పకుండా అందుతుంది. స్కాన్ ఖరీదైనకొద్దీ కవరు మందం పెరుగుతుంది కనుక, కాంట్రాస్ట్ మీద సారుకున్న నమ్మకం పూర్తిగా శాస్త్రీయం. ఆయన్నొక్కణ్నే తిట్టడం కూడా అన్యాయమేలెండి. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనే, పెద్ద డాక్టరు కాదు. ఆ లేచి వచ్చినందుకు మనం ఇవ్వని ఫీజును ఆయన స్కాన్ సెంటర్ నుంచి వసూలు చేసుకుంటున్నాడు. చివరికి కట్టేది మనమే, భీవండి మీదుగా.

చదువుకున్నవాళ్లు లేకనా ఇదంతా? మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆపరేషన్‌కు కార్డు చెల్లుతుంది, ఇప్పుడు పరిమితి 10 లక్షలు కూడా చేశారు. ఆస్పత్రిలో చేరకముందు, అసలు జబ్బేమిటో తేల్చుకునే స్కాన్‌కు మాత్రం చాలాసార్లు జేబే గతి. ఆ సందులోనే ఈ వ్యాపారమంతా గుడిసె వేసుకుని కూర్చుంది.

ఇదే ఊళ్లో దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ ఒకటి నడుస్తూ ఉంటుంది. ఫిట్స్ వచ్చిన పిల్లను న్యూరాలజిస్టు స్వయంగా చూసి, తిత్తి ఉందేమో తేలాలని, కారణం రాసి మరీ కాంట్రాస్ట్ ఎమ్మారై చేయించమంటాడు. అప్పుడు ఎక్కడినుంచో వాట్సాప్‌లో ఒక మెసేజి దిగుతుంది: ఆ మందుతో కిడ్నీలు పోతాయట, మెదడులో లోహం పేరుకుంటుందట, పది మందికి పంపండి. తల్లిదండ్రులు హడలిపోయి సంతకం పెట్టరు. అక్కర్లేనిచోట అప్పు చేసి ఎక్కించుకున్న మందును, కావలసినచోట ఉచితంగా ఇచ్చినా వద్దంటారు. రెండు చోట్లా డాక్టరును అడగలేదు. ఒకచోట కౌంటర్ను నమ్మారు, ఇంకోచోట ఫోన్ను.

సూది తప్పించుకున్నవాళ్లు మరీ మురిసిపోకండి, మీ వాటా మీకు రావచ్చు. మూత్రంలో బయటపడ్డ గాడోలినియం మామూలు మురుగుశుద్ధిలో ఆగదు. 1996లో బెర్లిన్ నదుల్లో దాన్ని కొలిచి చూపించారు. 2019లో జర్మన్ నగరాల్లో పంపునీటితో కలిపి అమ్మే కోలాలో కూడా దాని జాడ పట్టుకున్నారు. చాలా స్వల్పం, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మన భూగోళం గుర్తుచేసుకోండి. హైదరాబాద్ తలలన్నిటికీ ఎక్కిన మందు దిగే దారి మూసీ. మూసీ భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట పొలాలు తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. భూమి కింది నుంచి ఫ్లోరైడ్, ఎగువ నుంచి గాడోలినియం. ఏ మూలకమైనా సరే, నల్లగొండను దాటి పోవాలంటే ఇక్కడ ఒక మజిలీ చేయాల్సిందే కాబోలు.

ఈ ప్రహసనంలో నవ్వు రానిది ఒకటుంది, గడియారం. పెద్ద ధమని పూడుకుపోయిన పక్షవాతంలో నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు. గడ్డ కరిగించే సూది పనిచేసేది మొదటి నాలుగున్నర గంటల్లో. కావాలంటే ఇదిగో, సూదిభక్తులకు నిజంగా దక్కాల్సిన సూది ఇదే. దీనికి మాత్రం ఎవరూ తొందరపడరు. మొదట కావలసింది ఎమ్మారై కూడా కాదు, రక్తస్రావం లేదని తేల్చే మామూలు సీటీ స్కాన్, ఏ మందూ లేకుండా. ఆపైన డాక్టరు సీటీ యాంజియో కావాలంటే దానికి అయోడిన్ మందు ఎక్కిస్తారు, అది వేరే సంగతి. ఆ అత్యవసరంలో, ముందునుంచీ కిడ్నీ జబ్బు లేనివాళ్లకు క్రియాటినిన్ రిపోర్టు కోసం కూడా ఆగనక్కర్లేదు. నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్ సుమారు నూరు కిలోమీటర్లు. ఆ నాలుగున్నర గంటల్లో ప్లెయినా కాంట్రాస్టా అని ఫోన్లు చేసుకుంటూ స్కాన్ సెంటర్ బెంచీ మీద గడిపిన ప్రతి నిమిషం పెద్దమనిషి ఎడమ చేతిలోంచి కోసి ఇచ్చినట్టే. మూతి వంకర పోయిందంటే స్కాన్ సెంటర్‌కు కాదు, 108కి ఫోన్ చేయండి.

అత్యవసరం కానిచోట, "కాంట్రాస్ట్" అన్న మాట వినబడగానే మీరు అడగాల్సింది ఎక్కువేమీ లేదు. ఏం తేల్చడానికని రాసిన డాక్టరుతో తెలుగులో చెప్పించుకోండి. చూడాల్సింది పుర్రె లోపలి ధమనులే అయితే మందు లేకుండా చాలదా అని అడగండి. షుగరో బీపీయో కిడ్నీ జబ్బో ఉంటే, నొప్పిసూదులు అలవాటై ఉంటే, క్రియాటినిన్ చూశాకే చెయ్యి చాపండి. సీసా మీది పేరు, తేదీ ఒక చీటీ మీద రాయించుకుని పాత రిపోర్టులతో పాటు దాచండి. ఇవి అడిగినందుకు కసురుకున్న సెంటర్‌కు మళ్లీ పోకండి.

కలెక్టర్లూ, డీఎంహెచ్‌ఓలూ, మీకూ ఒక విన్నపం. రేట్లు స్థానిక భాషలో గోడమీద పెట్టాలని కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు 2012లోనే చెప్పాయి. ఆ రేట్ల పక్కనే "ఈ మందు ఎందుకు, ఎవరికి వద్దు" అని నాలుగు వాక్యాలు తెలుగులో రాయించండి. అమెరికాలో గాడోలినియం ఎక్కించే ముందు దాని మంచిచెడ్డల కాగితం రోగికి ఇవ్వాలని 2018 నుంచి నియమం. మన దగ్గర ఆ పనికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్, కొత్త పైలాన్ ఏవీ అక్కర్లేదు. స్కాన్ సెంటర్ పక్కనే ఉన్న జిరాక్స్ షాపులో పేజీకి రెండు రూపాయలు.